ఆ కల్వర్టు మాదేనన్న ప్రకాశరావు గారు

నిన్న పొద్దున్న ఎనిమిదింటికి నర్సరీలో లారీకి మామిడి మొక్కలు ఎక్కిస్తున్నాం. ఫోన్ మోగింది. ప్రకాశరావు గారి అమ్మాయి.

"నాన్నగారు లేరండి. నిద్రలోనే పోయారు," అంది.

"ఎవరి నాన్నగారు?" అని అడిగాను. అంత తెలివితక్కువగా అడిగాను.

మొన్న సాయంత్రమే కదా, మా గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని టీ తాగి వెళ్ళారు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ప్రకాశరావు గారు రాష్ట్ర ప్రభుత్వం రోడ్ల ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. మాది కడియం దగ్గర నర్సరీ. మా ఇద్దరికీ స్నేహం కుదిరింది ఒకే ఒక్క గొడవ మీద.

హైవేలకి డబ్బు ఎవరు పెట్టాలి? కేంద్రమా, రాష్ట్రమా?

నేను కేంద్రం పక్షం. "నా మొక్కలు నాగపూర్ దాకా వెళ్తాయండి. ఒక రాష్ట్రం రోడ్డు వేసి, పక్క రాష్ట్రం మానేస్తే నా లారీ ఏం చెయ్యాలి?" అనేవాణ్ణి.

ఆయన నెమ్మదిగా టీ ఊదుకుంటూ, "నాగపూర్ వెళ్ళాలంటే ముందు మన కాలవ దాటాలి కదండీ. రోడ్డుకి గుంట పడితే అడగడానికి, సైకిల్ మీద వెళ్ళేంత దూరంలో ఆఫీసు ఉండాలి. ఢిల్లీకి సైకిలేసుకుని వెళ్తారా ఏంటి?" అనేవారు.

ఏళ్ళ తరబడి ఇదే. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

కొన్నాళ్ళకి మా ఊరి రోడ్డునే నేషనల్ హైవే చేస్తున్నారని పేపర్లో వచ్చింది. నేను నర్సరీలో అందరికీ స్వీట్లు పంచాను.

అప్పటినుంచి ఆ రోడ్డుని పట్టించుకున్నవాళ్ళు లేరు. రాష్ట్రం వాళ్ళు ఇక మాది కాదన్నారు. కేంద్రం వాళ్ళు ఇంకా మా చేతికి రాలేదన్నారు.

వానలకి కాలవ కల్వర్టు పక్కగోడ కూలిపోయింది.

వారం తిరక్కుండా, మా నర్సరీకి పనికొచ్చే ఆడవాళ్ళ ఆటో అక్కడే కాలవలోకి జారిపోయింది. నీళ్ళు నడుం లోతే కాబట్టి ప్రాణాలు దక్కాయి. వాళ్ళలో మంగమ్మకి మాత్రం కుడి మణికట్టు విరిగింది. ఆమె అంటు కడితే మొక్క బతికినట్టే. అలాంటి చెయ్యి.

కోపంగా ప్రకాశరావు గారింటికి వెళ్ళాను. "చూశారా, మీ రాష్ట్రం ఏం చేసిందో?" అన్నాను.

ఆయన వాదించలేదు. "రోడ్డుని హైవే చేస్తున్నట్టు వచ్చిన గెజిట్ కాగితం ఉందా మీ దగ్గర?" అన్నారు.

కొత్త హైవే ఏ కిలోమీటరు రాయి దగ్గర మొదలవుతుందో అందులో ఉంది. ఆ రాయే ఎవరికీ కనపడటం లేదు.

మర్నాడు పొద్దున్నే గునపం పట్టుకుని వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. గట్టు వెంట తుప్పలు కొట్టుకుంటూ వెళ్ళి, మట్టిలో కూరుకుపోయిన రాయిని బయటపెట్టారు. తువ్వాలుతో తుడిచి అంకె చదివారు.

కల్వర్టు ఆ రాయికి ఇవతల ఉంది. అంటే ఇంకా రాష్ట్రానిదే.

"మాదేనండి," అన్నారు.

రిటైరై పదేళ్ళు దాటాక కూడా 'మాది' అన్నారు.

అక్కణ్ణించి తిన్నగా మంగమ్మ ఇంటికి నడిచారు. వెనకే నేనూ వెళ్ళాను. ఆమె చేతికి కట్టుతో అరుగు మీద కూర్చుని ఉంది.

"అమ్మా, ఆ గోడ కట్టినప్పుడు అక్కడ డ్యూటీలో ఉన్నది నేనే. పునాది చాలదని నాకు తెలుసు. పైవాళ్ళు తొందరపెడితే సంతకం పెట్టేశాను," అన్నారు.

మంగమ్మ ఆయన వంక తిరిగింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పలేదండి?"

"భయమమ్మా."

"సరేనండి. ఇప్పుడైనా గట్టిగా కట్టించండి."

ఇదంతా ఆయన అర్జీలో రాశారు, తన సంతకం సంగతితో సహా. ముగ్గురం టౌన్‌లో ఆఫీసుకి వెళ్ళాం. అక్కడి ఇంజనీరు చదివి, "మీ గురించి రాసింది తీసేయండి సార్. రేపు పెన్షన్‌కి ఇబ్బంది అవుద్ది," అన్నాడు.

ఆయన తీయలేదు. రాయి ఫోటో జతచేసి, అందినట్టు స్టాంపు వేయించుకున్నారు. ఆ తర్వాత నాలుగు నెలలు, ప్రతి సోమవారం ఆ ఆఫీసుకి వెళ్ళారు. సైకిల్ మీదే.

గోడ కట్టారు. పునాది తవ్వినన్ని రోజులూ ఆయన గొడుగేసుకుని పక్కనే నిలబడ్డారు. ఆయన పెన్షన్ జోలికి ఎవరూ రాలేదు.

మంగమ్మ చెయ్యి పూర్తిగా బాగుపడలేదు. కత్తి పట్టు కుదరదు. ఇప్పుడు కొత్తవాళ్ళ పక్కన కూర్చుని అంటు కట్టడం నేర్పుతోంది. ప్రతి క్రిస్మస్‌కీ ప్రకాశరావు గారు కేకు పట్టుకుని ముందు ఆమె ఇంటికే వెళ్ళేవారు.

పోయిన ఏడాది రాయికి అవతలి రోడ్డు కేంద్రం డబ్బుతో పూర్తయింది. నున్నగా ఉంది. నేనే గెలిచానన్నాను.

"రోడ్డు బాగుందండి, కాదనను. దీనికి గుంట పడితే ఎవరి దగ్గరికెళ్ళాలో కనుక్కున్నారా?" అన్నారు.

కనుక్కోలేదు. మొన్న సాయంత్రం కూడా అదే అడిగారు.

నిన్న సమాధుల తోటలో మంగమ్మ ఎడం చేత్తో మట్టి వేసింది. "సెప్పినట్టే కట్టించారండి," అంది, ఎవరితోనో కాదు, ఆయనతోనే.

హైవేలు కేంద్రమే వెయ్యాలని నేను ఇప్పటికీ అంటాను. కాదనడానికి ఆయన లేరు.

గెలిచినట్టు లేదు.

సెలవండి ప్రకాశరావు గారూ. మీరు నమ్ముకున్న ప్రభువు దగ్గర మీ మనసుకి నెమ్మది దొరకాలి.