మోడెం కార్డు మీద ఎర్ర రంగు

నాకు అనుమానం ఎక్కువ. తక్కెడ తిప్పి చూడందే వంకాయ కూడా కొనను. అమలాపురంలో లెక్కల మాస్టారుగా పనిచేసే రోజుల్లో, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఇంట్లో కంప్యూటరు పెట్టాను. నెల తిరక్కుండానే వైరస్ అన్నారు. బాగుచేయించాను. మళ్ళీ వైరస్! నేను మళ్ళీ మళ్ళీ పిలవాలని ఆ మెకానిక్కే దాన్ని ఎక్కిస్తున్నాడని నాకు గట్టి నమ్మకం.

ఆ మెకానిక్కు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. ముప్పై ఏళ్ళుంటాయి. మొహం చూస్తే పాపం అనిపిస్తుంది. అలాంటి మొహాలంటేనే నాకు మరీ భయం.

విండోస్ బదులు లినక్స్ అనే సిస్టం అయితే వైరస్‌ల బెడద ఉండదని ఎవరో చెబితే అది వేయించాను. వేసిందీ అతనే, ఊళ్ళో ఇంకెవరున్నారు గనక! తెర మీద అన్నీ వచ్చాయి గానీ ఇంటర్నెట్ రాలేదు. ఫోను తీగ తగిలించే మోడెం కార్డు లోపల ఉన్నట్టే దానికి తెలియడం లేదు.

"డ్రైవరు కావాలండీ మాస్టారూ," అన్నాడు. "అంటే, కార్డుని ఎలా వాడుకోవాలో సిస్టానికి చెప్పే ప్రోగ్రామండీ. కార్డు ఏ రకమో తెలిస్తే వెతకొచ్చండీ. రేపు షాపుకి పట్టుకెళ్ళి విప్పి చూస్తానండీ."

"నిన్నటిదాకా పనిచేసింది కదయ్యా!"

"ఆయ్, పాతదాంట్లో డ్రైవరు ఉందండీ. దీంట్లో లేదండీ."

ఎంత తేలిగ్గా చెప్పాడో! మంచి కార్డు లాగేసి పాడైంది పెట్టడానికే ఈ నాటకమంతా అనుకున్నాను. మా నాన్నగారు నూర్పిళ్ళయ్యాక కళ్ళంలో ధాన్యపు రాశి మీద సున్నపు నీళ్ళతో గీతలు వేసేవారు. ఎవరైనా ఒక్క చేటెడు తీసినా గీత చెదిరి తెలిసిపోయేది. నేనూ ఆయన కొడుకునే. ఆ సాయంత్రం కంప్యూటరు డబ్బా మూత విప్పి, గేటుకి వేయగా మిగిలిన ఎర్ర రంగు తెచ్చి, మోడెం కార్డు మీదున్న పెద్ద నల్ల చిప్పుకి దట్టంగా పూశాను.

మర్నాడు పొద్దున్నే వచ్చి, కంప్యూటరు ఎత్తుకుంటూ ఓ మాట అడిగాడు.

"కాలేజీ లాబులో ఉద్యోగానికి పెట్టుకున్నానండీ. తెలిసినవాళ్ళ పేరు రాయమంటే మీ పేరే రాసేనండీ. ఈ షాపు మీద ఇల్లు గడవట్లేదండీ. వాళ్ళు అడిగితే ఓ మంచి మాట చెప్పండి."

"సరే, చూద్దాంలే," అన్నాను.

మూడో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి కంప్యూటరు బల్ల మీద ఉంది. "ఆదివారం మళ్ళీ వస్తానన్నాడండీ. పాపం, మంచినీళ్ళు కూడా తాగలేదు," అంది మా ఆవిడ. పాపమట! గబగబా మూత విప్పాను. చిప్పు మీద ఎరుపు లేదు. నల్లగా మెరుస్తోంది.

దొరికాడు! నిజం చెప్పొద్దూ, కోపం కంటే ముందు సంతోషమే వచ్చింది.

"అతన్నే ఓసారి అడగకూడదూ?" అంది మా ఆవిడ.

"అడిగితే ఒప్పుకుంటాడా, నీ మొహం!"

మర్నాడే కాలేజీ కరస్పాండెంటు గారు కబురు చేసి మరీ పిలిపించారు. "కుర్రాడు ఎలాంటోడండీ?" అన్నారు.

"పని బాగా వచ్చండి. లాబులో సామాను ఒప్పజెప్పేటప్పుడు మాత్రం కాస్త కనిపెట్టుకుని ఉండాలండి," అన్నాను.

"ఆయ్, అర్థమైందండి," అన్నారాయన. అతని దరఖాస్తు తీసి పక్కన పడేశారు.

ఆదివారం అతను ఫ్లాపీ పట్టుకుని వచ్చాడు. కాకినాడ వెళ్ళి, అక్కడి నెట్ సెంటర్లో వెతికి, డ్రైవరు దింపుకొచ్చాడట. గంటసేపు ఏవేవో కొట్టాడు. చివరికి మోడెం కీచుమని, గరగరమని, ఇంటర్నెట్‌లోకి వెళ్ళింది.

"చిప్పు మీద నెంబరు చదివితే గానీ ఏ డ్రైవరో తెలీదండీ. ఎవడో బుద్ధిలేనోడు దానికి ఎర్ర రంగు పూసేడండీ! బ్లేడుతో గీకి, స్పిరిట్‌తో తుడిస్తే అప్పుడు కనబడిందండీ. మీకు కార్డు అమ్మినోడే పూసుంటాడండీ. జాగ్రత్తండీ, ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మలేం."

మూత తీసి వంగి చూశాను. చిప్పు అంచున, బ్లేడు అందని సందులో, మా గేటు రంగు సన్నగా అలాగే ఉంది.

"కాలేజీ ఉద్యోగం రాలేదండీ," అన్నాడు సంచీ సర్దుకుంటూ. "ఎవరో నా గురించి చెడ్డగా చెప్పేరంటండీ. మా ఆవిడకి మీ మీద అనుమానమండీ. మాస్టారు అలాంటోరు కాదని కేకలేసేనండీ. రెండ్రోజులైంది, మాటల్లేవు." మొహమాటంగా అడిగాడు. "మిమ్మల్ని అడిగేరాండీ?"

సిగ్గుతో చచ్చిపోయాను. చెప్పేయాలనే నోరు తెరిచాను.

"అడిగారు. మంచిగానే చెప్పాను," అన్నాను.

అతని మొహం విప్పారింది. "ఆయ్! ఇంటికెళ్ళి దానికి చెబుతానండీ," అని చెప్పులేసుకున్నాడు.