రెండు నోళ్ల బండి

ఆ వీధిలో ఆమె అసలు పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు. మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడుతుంటుంది కాబట్టి ఈలక్క. పొద్దున్నే ఆ ఈల మోగిందంటే, పళ్లు తోముకుంటున్నవాళ్లు కూడా నోట్లో నురగతోనే బకెట్లు పట్టుకుని గుమ్మంలోకి రావాల్సిందే. రాకపోతే ఏముంది, వాళ్లు వచ్చేదాకా ఆ ఈల వాళ్ల గుమ్మం ముందే నిలబడి మోగుతుంది. "ఈవిడ చెత్త తీసుకుపోవడానికి వచ్చిందా, మన ప్రాణాలు తీసుకుపోవడానికి వచ్చిందా" అని గొణుక్కునేవాళ్లు కూడా, ఆమె ఒక్కరోజు రాకపోతే వీధి చివరికి వచ్చి తొంగిచూస్తారు.

పురపాలక సంఘంలో చెత్త సేకరణ ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగం చాలామంది చేస్తారు. ఈలక్క మాత్రం దాన్ని నెత్తిన పెట్టుకుంది. దానికి కారణం ఒక కుర్చీ.

పనిలో చేరిన కొత్తలో అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి పెద్ద అధికారి ఒకాయన ఉపన్యాసం ఇచ్చాడు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తే తడిది ఎరువవుతుందనీ, పొడిది మళ్లీ వస్తువవుతుందనీ, ఊరి పక్క వాగు మళ్లీ తేటగా పారుతుందనీ, ఈ దేశం నేలనూ నీళ్లనూ కాపాడేది మీరేననీ అన్నాడు. ఇలాంటి మాటలు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేయడం మనందరికీ అలవాటే. కానీ ఆయన చివర్లో నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెప్పించి, "ఇది పాల ప్యాకెట్లతో చేసిందమ్మా. ఎవరైనా వచ్చి కూర్చుని చూడండి" అన్నాడు. ఈలక్క లేచి వెళ్లి కూర్చుంది. కుర్చీ విరగలేదు, ఊగలేదు. అంతే, నమ్మేసింది. తాను స్వయంగా కూర్చుని చూసిన దాన్ని ఎవరు కాదనగలరు?

పైగా ఆ వాగంటే ఆమెకు ప్రాణం. చిన్నప్పుడు అన్న ఆమె నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి ఈత నేర్పింది అందులోనే. ఇప్పుడు అందులో కాలు పెడితే దురదలు, ముక్కు మూసుకోకుండా గట్టున నిలబడలేరు. ఆ అన్నే ఇప్పుడు చెత్త బండి డ్రైవరు. చెల్లెలికి ఉద్యోగం ఇప్పించిందీ అతనే. ఆమె వీధిలో ఈల ఊదుతూ ముందు నడిస్తే, వెనక అన్న బండి నెమ్మదిగా వస్తుంది. బండికి రెండు నోళ్లు. ఆకుపచ్చ నోట్లో తడి, నీలం నోట్లో పొడి. పొరపాటున ఒక ఉల్లిపొట్టు నీలం నోట్లో పడినా ఈలక్క చెయ్యి పెట్టి తీసేది.

వీధిని దారికి తేవడానికి ఆమె పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. పాల ప్యాకెట్లు కడిగి ఆరేయమంటే మొదట అందరూ నవ్వారు. తర్వాత ఆమె పోరు పడలేక మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఆ వీధిలో ప్రతి దండెం మీదా బట్టల పక్కన ప్యాకెట్లు క్లిప్పులకు వేలాడుతూ కనిపించేవి. ఆరిన ప్యాకెట్లను కట్టలు కట్టడానికి కూడా ప్లాస్టిక్ తాడు వద్దంది, పాత గుడ్డ పీలికలు వాడమంది. మొదటింటి టీచరమ్మ, ఉద్యోగ విరమణ చేసి ఇంట్లోనే ఉంటున్న పెద్దావిడ, ఆమెను చూసినప్పుడల్లా "నీలాంటి వాళ్లు పదిమంది ఉంటే ఊరు బాగుపడుతుందమ్మా" అనేది. ఆ మాటకు ఈలక్క ఆ పూటంతా గాల్లో తేలేది.

ఎదురు తిరిగింది ఒక్కడే, వీధి మలుపులో గడియారాలు బాగుచేసే బాబాయి. కంటికి భూతద్దం తగిలించుకుని, తలెత్తకుండానే మొదటిరోజు ఆమెతో అన్నాడు.

"ఏం వేరు చేస్తావమ్మాయ్? చివరికి అన్నీ తీసుకెళ్లి ఒకే గోతిలో పోస్తారు. గడియారం వెనక మూత తీస్తే గానీ లోపల ఏది తిరుగుతోందో, ఏది ఆగిపోయిందో తెలియదు. నువ్వు మూత తీసి చూశావా?"

"నేను కుర్చీలో కూర్చుని చూశాను" అంది ఈలక్క.

"కుర్చీ చూపించడానికేముంది!" అన్నాడాయన.

ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండిపోయింది. రోజూ ఆయన కొట్టు ముందు మిగతా ఇళ్లకంటే ఎక్కువసేపు ఈల ఊదింది. గిరాకీ ఉన్నప్పుడు చూసి మరీ, "ఊరంతా ఒక దారిన పోతుంటే ఈయనొక్కడు అడ్డం" అని పరువు తీసింది. అంతటితో ఆగకుండా, ఆయన మారేదాకా ఎవరూ గడియారాలు ఇవ్వొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. వీధి ఆమె మాట విన్నది. పాపం, ఆ మనిషి ఖాళీ బల్ల ముందు కూర్చుని ఎన్నాళ్లు ఈగలు తోలుకుంటాడు? ఒకరోజు తనే పిలిచాడు.

"సరేనమ్మాయ్. నువ్వు కూర్చున్న కుర్చీని నేనూ నమ్ముతున్నా. ఇక నన్నొదిలెయ్."

ఆ మొండితనం ఎటు తిరిగితే అటే. నమ్మిన తర్వాత ఆయన్ను మించినవాడు వీధిలో లేడు. గడియారం చక్రాలు తుడిచే చిన్న కుంచెతో ప్యాకెట్ మూలలు కూడా రుద్దేవాడు. తెగిన చేతి గడియారాల పట్టీలు ఆయన దగ్గర బోలెడు. వాటినే కట్టలకు చుట్టి బకిల్ పెట్టేవాడు. నల్ల పట్టీ, గోధుమరంగు పట్టీ, ఒక్కోసారి పిల్లల గడియారం ఎర్ర పట్టీ. అయిపోయిన బిళ్ల బ్యాటరీలు మాత్రం నీలం నోట్లో వేయనిచ్చేవాడు కాదు. "ఒక్కటి చాలు, బావి నీళ్లు పాడవుతాయని నువ్వేగా అన్నావు. ఇవి నీ చేతికే ఇస్తా, నువ్వే స్వయంగా ఊరి చివర చెత్త ఏరే షెడ్డుకు తీసుకెళ్లి ఇవ్వాలి" అని ఒక గాజు సీసాలో దాచేవాడు. సీసా నిండాలని ఇద్దరూ ఎదురుచూస్తున్నారు.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం హాజరు వేసే గది దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా బొత్తాలు కూడా సరిగ్గా లేవు.

"కొంప మునిగిందమ్మాయ్! ఒకావిడ చనిపోయిన వాళ్ల నాన్న గడియారం బాగుచేయమని ఇచ్చింది. కాగితంలో చుట్టిపెట్టా. పొద్దున చిత్తుకాగితాలతో పాటు దాన్ని కూడా కట్టలో పెట్టేశాను. రేపు ఆవిడ వస్తుంది. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఈలక్క నవ్వింది. "దానికింత కంగారెందుకు బాబాయ్? పొడి చెత్త ఎక్కడికి పోతుంది, షెడ్డుకేగా. అక్కడ బల్లల మీద పోసి ఒక్కొక్కటీ ఏరతారు. పట్టీ కట్ట చూడగానే మీదని నాకు తెలుస్తుంది. నేనే వెళ్లి తెస్తా."

"నీ మాట మీదే ఉన్నానమ్మాయ్" అన్నాడాయన.

నిజానికి ఆమె ఆ షెడ్డు మొహం ఎప్పుడూ చూడలేదు. ఒకటి రెండుసార్లు చూడాలని సరదాపడితే అన్న, "అక్కడేముంది, దుమ్ము, కుక్కలు. నీకెందుకు చెల్లీ" అని మాట తప్పించేశాడు. అన్న మాటకు ఆమె ఎదురు చెప్పేది కాదు. ఆ రోజు మాత్రం ఆటో ఎక్కి ఊరి చివర దిగింది.

షెడ్డు చాలా పెద్దది. ముందు రంగు రంగుల బోర్డు, దాని మీద చెట్లు, పిట్టలు, నవ్వుతున్న కుటుంబం. తలుపుకు తాళం. తాళానికి తుప్పు. గుమ్మంలో గడ్డి మోకాళ్లదాకా పెరిగింది. కిటికీ అద్దం తుడిచి లోపలికి చూస్తే ఒక పెద్ద యంత్రం, కంపెనీ వాళ్లు చుట్టి పంపిన కవరు కూడా విప్పకుండా అలాగే ఉంది. గోడ నీడలో కాపలాదారు నీలం కుర్చీలో జారగిలబడి కునికిపాట్లు పడుతున్నాడు.

"అన్నా, పొడి చెత్త ఏరేది ఎక్కడ?" అని అతన్ని లేపి అడిగింది.

అతను కళ్లు తెరిచి ఆమెను ఎగాదిగా చూశాడు. "ఏరడమా? పనిలో కొత్తా నువ్వు?" అని, షెడ్డు వెనకున్న పాత రాళ్ల క్వారీ వైపు గడ్డంతో చూపించాడు.

ఆమె కదల్లేదు. ఆ కుర్చీనే చూస్తోంది. "ఇది... పాల ప్యాకెట్లతో చేసిన కుర్చీయేనా?"

"ఇదా? బజార్లో కొన్నారమ్మా. ఏదైనా మీటింగుంటే పట్టుకెళ్తారు. అయిపోయాక మళ్లీ నాకిచ్చేస్తారు" అన్నాడతను, చెయ్యి మీద దోమను కొట్టుకుంటూ.

క్వారీ అంచుకు చేరేసరికి అన్న బండి వెనక్కి వస్తోంది. తొట్టి పైకి లేచింది. ఇన్నేళ్లూ ఆమె ఆ బండిని కింది నుంచే చూసింది, ఎత్తు మీద నుంచి చూడటం అదే మొదటిసారి. నోళ్లు రెండు గానీ కడుపు ఒక్కటే. మధ్యలో అడ్డం ఉండాల్సిన రేకు ఎప్పుడో ఊడబీకేశారు. ఉల్లిపొట్టు, అన్నం, కడిగి ఆరేసిన ప్యాకెట్లు, గుడ్డ పీలికల కట్టలు, అన్నీ కలిసి ఒకే ముద్దగా జారి గోతిలో పడ్డాయి. గోతికి అవతలి అంచు లేదు. చెత్త జారుకుంటూ పోయి వాగులో కలుస్తోంది. ఇద్దరూ ఈత కొట్టిన మడుగు అక్కడే ఉండేది.

ఈలక్క గోతిలోకి దిగింది. అన్న కేబిన్‌లోంచి దూకి "ఏయ్, ఆగు, ఆగవే!" అని అరుస్తున్నా వినలేదు. బాబాయి ఆ పొద్దున ఇచ్చిన కట్ట పైపైనే దొరికింది, నల్ల పట్టీ, ఇత్తడి బకిల్. విప్పితే కాగితంలో గడియారం భద్రంగానే ఉంది. కానీ ఆమె చూపు కిందికి పోయింది. వాలు పొడవునా అక్కడక్కడా బురదలోంచి పట్టీలు కనిపిస్తున్నాయి. గోధుమరంగువి, నల్లవి, పిల్లల ఎర్రవి. ఏ ఒక్కదాని బకిల్ కూడా ఎవరూ విప్పలేదు. నీటి అంచుదాకా, నీళ్లలోదాకా ఉన్నాయి.

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. ఎవరైనా చూస్తారేమోనని కూడా అనుకోలేదు.

"ప్రారంభించిన రోజు తప్ప ఆ షెడ్డు తలుపు తెరవలేదే" అన్నాడు అన్న, చెయ్యిచ్చి పైకి లాగుతూ. "కరెంటు ఖర్చు ఎవరిదని పెద్దాళ్లు పెద్దాళ్లు కొట్టుకుని వదిలేశారు. నేను డ్రైవర్ని. పొయ్యమన్నచోట పోస్తాను."

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"నువ్వు నవ్వుకుంటూ పనికొస్తున్నావు. చెడగొట్టడం ఎందుకని."

"వాగన్నా! నాకు ఈత నేర్పిన వాగు!"

అతను తల తిప్పుకున్నాడు. మెల్లగా అన్నాడు. "గడియారం దొరికిందిగా. షెడ్డులో దొరికిందని చెప్పి ఇచ్చెయ్. ఇంకా బాగా నమ్ముతారు. నోరు జారావనుకో, నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ పోతాయి."

ఇంట్లో అన్నం సహించలేదు. అధికారి అబద్ధమాడాడంటే, సరే, ఆయనెవరో. సొంత అన్న రోజూ ఆమె కళ్లముందే రెండు నోళ్లూ తెరిచి నిలబడ్డాడు. అయినా ఎక్కడో ఒక ధైర్యం, వీధి తన వెనక ఉందని. టీచరమ్మకు చెబితే నలుగురినీ కూడగట్టి అడుగుతుంది, అనుకుంది.

పొద్దున ఈల ఊదకుండా టీచరమ్మ ఇంటికి వెళ్లింది. ఆవిడ దండెం మీద ప్యాకెట్లు ఆరేస్తోంది. ఈలక్క చూసినదంతా చెప్పింది. ఆవిడ ఆశ్చర్యపోలేదు. చేతిలో ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పుతూ నీళ్లు నమిలింది.

"తెలుసమ్మా" అంది చివరికి. "మా అల్లుడు అటు పోతూ ఎప్పుడో చూశాడు. వీధిలో అందరికీ తెలుసు."

"తెలిసే కడుగుతున్నారా? ఎందుకు?"

"నువ్వంత ఆశగా గుమ్మంలోకొస్తావు. ఎలా చెప్పమంటావు? చిన్న పనేగా, పోనీలే అనుకున్నాం. నువ్వు బాధపడతావని..."

పిల్లలు మట్టితో వంట వండిపెడితే పెద్దవాళ్లు తిన్నట్టు నటిస్తారే, అలా ఉంది ఈలక్కకు. తిట్టినా ఇంత అవమానం అనిపించేది కాదు. వాగు విషం తాగుతోందని తెలిసి, అడగాల్సిన చోట ఒక్కరూ నోరు విప్పలేదు గానీ ఆమె మీద మాత్రం జాలిపడ్డారు. ఆ జాలి ఎవరికి కావాలి?

"గడియారాల బాబాయికి కూడా తెలుసా?" అని అడిగింది.

"ఆయనకెవరూ చెప్పలేదు. చెబితే ఊరుకునే మనిషా? నీతో గొడవపడతాడని" అంది టీచరమ్మ.

కొట్టు అప్పుడే తెరిచాడు. ఈలక్క గడియారం బల్ల మీద పెట్టగానే ఆయన మొహం వెలిగిపోయింది. భూతద్దం తీసేసి రెండు చేతులూ జోడించాడు.

"ఇది కదమ్మాయ్ పద్ధతంటే! ఇంత ఊరి చెత్తలో నా కట్టను పట్టుకుని ఇచ్చారంటే ఎంత శ్రద్ధగా ఏరుతున్నారో! ఇక ఎవరినైనా కాదనమను, ఈ గడియారం చూపిస్తా."

తలూపేస్తే సరిపోయేది. అన్న ఉద్యోగం, తన ఉద్యోగం, ఆయన సంతోషం, అన్నీ ఎక్కడివక్కడ ఉండేవి. వీధి ఇన్నాళ్లూ తనకు చేసింది అదేగా అని గుర్తొచ్చింది.

"షెడ్డు నడవడం లేదు బాబాయ్. అన్నీ ఒకే గోతిలో పోస్తున్నారు. మీ కట్టలన్నీ బకిళ్లతో సహా వాగులో ఉన్నాయి. ఆ కుర్చీ బజార్లో కొన్నది."

ఆయన జోడించిన చేతులు దించాడు. తర్వాత అడిగాడు. "ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ. నాకు నిన్నే తెలిసింది."

"మొదటిరోజు నేను చెప్పింది ఇదే కదమ్మాయ్." గొంతులో కోపం లేదు, అదే ఆమెకు మరీ కష్టంగా ఉంది. "నాకు తెలిసిన నిజాన్ని నాచేతే అబద్ధమనిపించావు. నా పొట్ట మీద కొట్టి మరీ నమ్మించావు."

ఆయన వంగి బల్ల కింది నుంచి బ్యాటరీల గాజు సీసా తీసి ఆమె ముందు పెట్టాడు. అంచుదాకా నిండి ఉంది. ఇవ్వాళో రేపో ఇద్దామనుకున్నాడు కాబోలు, మూతకు కొత్త పట్టీ చుట్టి బకిల్ పెట్టాడు.

"మరి వీటినేం చేయమంటావు?"

బయట అన్న హారన్ కొట్టాడు. వీధిలో వాళ్లంతా రెండేసి బకెట్లతో గుమ్మాల్లో నిలబడి ఈల కోసం చూస్తున్నారు. ఈలక్క సీసాను రెండు చేతులతో పట్టుకుని కొట్టులోనే నిలబడిపోయింది. అన్న మళ్లీ హారన్ కొట్టాడు.