ముందు ఊపిరి చూడమన్న డాక్టరుగారు

మా డాక్టరుగారు పోయిన గురువారం పొద్దున కన్నుమూశారు. నరసరావుపేట ఆస్పత్రిలో పన్నెండేళ్లు ఆయన దగ్గర నర్సుగా పనిచేశాను. కబురు తెచ్చిన ఆయాతో "పద, వస్తున్నా" అని బయల్దేరాను.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో రొంపిచెర్ల నుంచి వచ్చి ఉద్యోగంలో చేరాను. నెల తిరగకముందే, ఒక మధ్యాహ్నం పిడుగురాళ్ల సున్నపురాయి క్వారీ నుంచి లారీలో ఒకతన్ని తెచ్చారు. మందు పేల్చినప్పుడు రాయి ఎగిరి తగిలి, కింది దవడ రెండు పక్కలా విరిగింది. దారి పొడుగునా అతను ముందుకు వంగి కూర్చునే వచ్చాడట. డాక్టరుగారు ఆపరేషన్ గదిలో ఉన్నారు. వెంట వచ్చిన అతని భార్య ఏడుపు చూడలేక, నెత్తురోడుతున్న ముఖం కడుగుదామని అతన్ని వెల్లకిలా పడుకోబెట్టాను. లేవబోయాడు. భుజం పట్టి ఆపాను. దవడ అలా విరిగితే నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుందని నాకు తెలియదు. డాక్టరుగారు పరుగున వచ్చి, అతన్ని పక్కకు తిప్పి నాలుక ముందుకు లాగారు. అప్పటికే ప్రాణం పోయింది.

వరండాలో ఆయనే అతని భార్యకు చెప్పారు. "తప్పు మాదేనమ్మా. పడుకోబెట్టకూడదు."

ఆమెకు ఆ మాట ఎక్కినట్టు లేదు. నా చెయ్యి పట్టుకుని, "మొగం శుభ్రంగా కడిగావు తల్లీ. పిల్లలు చూసి జడుసుకోరు" అంది.

మర్నాడు రాజీనామా రాసుకెళ్లాను. ఆయన చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నువ్వెళ్లిపోతే ఈ సంగతి తెలిసిన మనిషి ఒకరు తగ్గుతారు. ఏడుస్తూనే నేర్చుకో అమ్మాయ్."

అలాగే నేర్చుకున్నాను. "నెత్తురు చూడమాక, ముందు ఊపిరి చూడు" అనేవారు. ఊడిన పన్ను ఊపిరితిత్తుల్లోకి పోయిందేమోనని పళ్లు లెక్కపెట్టేవారు. మెల్లగా కొరకమని, పైపళ్లూ కిందిపళ్లూ కలుస్తున్నాయా అని చూసేవారు. రెండు వరసలూ తీగతో బిగించి కట్టాక మంచం తలవైపు తీగ కత్తెర వేలాడదీసేవారు. రోగికి వాంతి వస్తే క్షణంలో తెంచాలి. నేను ఆరేసి వారాలు పళ్ల సందుల్లోంచి గంజి పోసేదాన్ని. చాలామంది బతికారు. కొందరికి ముఖం వంకరగానే మిగిలిపోయింది. వాళ్లు అద్దం అడిగిన రోజు ఆయన అన్నం తినేవారు కాదు.

ఆ క్వారీ అతని మాట నేనెప్పుడైనా ఎత్తబోతే, "నేనూ మర్చిపోలేదులే" అనేవారు. అది ఓదార్పు కాదు. కానీ ఆ బరువు ఇద్దరిదీ అని తెలిసేది. ఇప్పుడది నా ఒక్కదానిదే.

గురువారం నేను వెళ్లేసరికి ఆయన నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఆయన భార్య తెల్లటి గుడ్డ నా చేతికిచ్చి, "నువ్వు కట్టమ్మా. వేరేవాళ్లచేత కట్టించబుద్ధి కాలేదు" అన్నారు. గడ్డం కిందినుంచి నెత్తి మీదుగా చుట్టి ముడి వేశాను.

"బిగుతుగా ఉందాండీ?" అని ఆయన్ని అడిగాను.

గదిలో అందరూ నావైపు చూశారు. నేను ముడి కొంచెం వదులు చేశాను.