తమలపాకు తీగకు మంచినీళ్ళు

నరసాపురం దగ్గర మా ఊళ్ళో వేసవికి కాలువలకు నీళ్ళు ఆపేశారంటే బోరు నీళ్ళు ఉప్పెక్కుతాయి. మేమైతే తాగడానికి టిన్ను నీళ్ళు కొనుక్కుంటాం. చెట్లు కొనుక్కోలేవు కదా! మందారం ఆకులు వేలాడేస్తుంది. నిమ్మ పిందెలు రాల్చేసి ప్రాణం దాచుకుంటుంది. నాయనమ్మ తమలపాకు తీగకు మాత్రం ఆ తెలివి లేదు. దానికి నీడ కావాలి, తడి కావాలి, అదీ మంచినీళ్ళ తడి. పెరట్లో అవిసెచెట్టుకు ఆ తీగను పాకించింది తాతయ్య. ఆయన పోయాక నాయనమ్మకు అదే లోకమైంది.

భోజనమయ్యాక దాని ఆకే కోసి, వక్క, సున్నం కలిపి చిన్న రోట్లో దంచుకునేది. కొట్లో ఆకు తెచ్చిస్తే "గడ్డిలా ఉందిరా" అని మూతి తిప్పేది. అలాంటి మనిషి ఆ ఏడు ఎండలు ముదరగానే తాంబూలం మానేసింది.

"దానికున్న నీడ ఆ నాలుగాకులేరా. అవీ నేనే కోసుకు తినేస్తే ఎలా బతుకుద్ది?"

చుట్టూ కొబ్బరాకుల దడి కట్టించింది. ఆమె మంచం పక్కన పెట్టిన మంచినీళ్ళ చెంబు ఎప్పుడు చూసినా ఖాళీయే. పెదాలు మాత్రం పగిలిపోతున్నాయి. మాకెవరికీ అనుమానం రాలేదు. ఒక మధ్యాహ్నం తీగ మొదట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. చేతిలో ఖాళీ చెంబు, మొదట్లో తడి.

అమ్మ లేపి కూర్చోబెట్టి, ఉప్పేసిన మజ్జిగ తాగించి, అప్పుడు అరిచింది. "తీగ కోసం ప్రాణం తీసుకుంటారా అత్తయ్యగారూ?"

"ఆయన చేత్తో పెట్టింది ఇదొక్కటే మిగిలింది, అమ్మాయ్."

మర్నాటి నుంచి అమ్మ మంచం పక్కన రెండు చెంబులు పెట్టింది. "ఒకటి మీకు, ఒకటి దానికి. ముందు మీది తాగండి, నేను చూస్తుండగా."

తొలకరికి తీగ చిగిర్చింది. మొదటి ఆకు కోసి, వక్క, సున్నం పెట్టి నాయనమ్మ అమ్మ చేతిలో పెట్టింది. అలవాటు లేకపోయినా అమ్మ కిక్కురుమనకుండా నమిలింది. ఆ ఎర్రటి నోటితో అమ్మ ఎంత బావుందో! ఇప్పటికీ తలుచుకుంటాను.

మరుసటి వేసవికి నాయనమ్మ లేదు. ఎండలు ముదిరిన రోజున అమ్మ కొత్త టిన్ను మూత తీస్తుంటే దాహంతో గ్లాసు పట్టుకుని వెళ్ళాను. తను చెంబు నింపుకుని పెరటివైపు నడిచింది.

"ఉండరా, ముందు అత్తయ్యగారిని తాగనీ."