డి డ్రైవ్‌లో దాచిన కొలతలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదు. (ఇప్పుడు తెలిసినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.) సికింద్రాబాద్‌లో ఒక చిన్న ఆఫీసులో డేటా ఎంట్రీ ఉద్యోగం, కొత్తగా కొన్న లాప్‌టాప్, ఇక నన్ను పట్టేదెవరు? నేరేడ్‌మెట్‌లో మా ఇంటి ముందుగదిలో అమ్మ జాకెట్లు కుట్టేది. కాలనీ ఆడవాళ్ల కొలతలన్నీ అట్ట ఊడిన ఒక లావుపాటి నోట్‌బుక్కులో ఉండేవి. మిషన్ నూనె మరకలతో ఉన్న దాన్ని చూస్తేనే నాకు చిరాకు. ఒక ఆదివారం కూర్చుని అంకెలన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి, నోట్‌బుక్కును పాత పేపర్లవాడికి వేసేశాను. అక్కడితో ఊరుకున్నానా? అప్పటిదాకా అందరూ కొత్త గుడ్డతో పాటు ఆది జాకెట్టు, అంటే ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు, తెచ్చి ఇచ్చేవారు. గుమ్మంలో నిలబడి, "ఇగ ఆది జాకెట్ తేవద్దు ఆంటీ, అంత కంప్యూటర్ల ఉన్నది" అని ఒక్కొక్కరినీ వెనక్కి పంపాను.

సరిగ్గా బతుకమ్మ పండుగకు పన్నెండు రోజుల ముందు, నలభై జాకెట్ల గుడ్డ అమ్మ ముందు పేరుకుని ఉన్నప్పుడు, లాప్‌టాప్ కడుపులోంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. ఆపి మళ్లీ వేశాను. బ్యాటరీ పీకి పెట్టాను. తలకిందులుగా పట్టుకుని ఊదాను. (ఎందుకని అడగకండి.) చివరికి డిస్కును తనే పరీక్షించుకుంటానని నల్లటి తెర ఒకటి వచ్చి, పదకొండు శాతం దగ్గర కూర్చుంది. అమ్మ మధ్యమధ్య వచ్చి చూసి వెళ్తోంది.

"ఏందిరా, పొద్దుగాల్నుంచి గదే పదకొండు."

"చెకింగ్ నడుస్తున్నదమ్మా."

"ఏడ నడుస్తున్నది, నిలవడ్డది గద."

ఒళ్లు మండిపోయింది, అమ్మ చెప్పింది నిజం కాబట్టి. లాప్‌టాప్‌ను చంకన పెట్టుకుని సికింద్రాబాద్ బస్సెక్కాను. రిపేరు దుకాణంలో భాయ్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, "హార్డ్ డిస్క్ ఖతం తమ్మీ" అన్నాడు. నేను నవ్వాను. నేను అంత అమాయకుణ్ణా? "పరవాలేదు భాయ్, ఇంకో కాపీ డి డ్రైవ్‌ల పెట్టిన" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "సి, డి అన్నీ గీ ఒక్క డబ్బాలనే ఉంటయి. ఒక్క ఇంట్ల రెండు అర్రలు. ఇల్లే కూలినంక ఏ అర్రల పెడితే ఏమున్నది?" డేటా తీసేవాళ్లకు పంపితే నెల పడుతుందట, వస్తుందన్న నమ్మకమూ లేదట. పండుగ మాత్రం నెల ఆగదు కదా.

ఆఫీసులో మా సీనియర్ ఒకాయన హార్డ్ డిస్కును ఫ్రిజ్‌లో పెడితే లేస్తుందని చెప్పాడు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఐస్ గడ్డల పక్కన పెట్టాను. పాల ప్యాకెట్ కోసం చెయ్యి పెట్టిన అమ్మ దాన్ని చూసి, పక్కకు జరిపి పాలు తీసుకుని తలుపు మూసింది. మర్నాడు తీసి బిగిస్తే, మీరు నమ్మరు, లేచింది. కొలతల ఫైలు తెరుచుకుంది. అమ్మ గబగబా సుద్దముక్క తీసుకుని నేల మీద కూర్చుని, "నువ్వు చదువు, నేను రాసుకుంట" అంది.

"రాసుడెందుకమ్మా ఇంక? జెర ఆగు, పెన్ డ్రైవ్‌ల ఎక్కిస్త."

పెన్ డ్రైవ్ ఆఫీసు బ్యాగులో ఉంది. బ్యాగు మేడ మీద ఉంది. నేను దిగి వచ్చేసరికి మళ్లీ టిక్కు టిక్కు. తెర నల్లబడిపోయింది. అంతే, మళ్లీ లేవలేదు. అమ్మ సుద్దముక్కను డబ్బాలో వేసి, "సంచి తీస్కపో. ఇంటింటికి పోయి ఆది జాకెట్లు తే" అంది.

ఇరవై రెండేళ్ల కుర్రవాడు పట్టపగలు తలుపు తట్టి, "ఆంటీ ఉన్నరా, ఒక జాకెట్ కావాలె" అని అడగడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒక ఇంట్లో అంకుల్ పేపరు మడిచి, "ఎవలకు బాబూ?" అని అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం అమ్మ ఒక్కొక్కటే కొలిచి చెబుతుంటే కొత్త నోట్‌బుక్కులో రాస్తూ కూర్చున్నాను. అంకెలయ్యాక కూడా ఆమె ఆగలేదు. "ఈమెకు ఎడమ భుజం జెర దిగి ఉంటది, రాయి. గీమెకు ఆపరేషనైంది, చంక కాడ ఒదులు పెట్టాలె. గీ పిల్లకు వీపు మీద కాలిన మచ్చ, మెడ పైకే ఉంచాలె, అడగద్దు." ఇవన్నీ పాత నోట్‌బుక్కు అంచుల్లో చిన్నచిన్న అక్షరాలతో ఉండేవి. ఎక్కించేటప్పుడు చూశాను కూడా. నా పట్టికలో వాటికి గడి లేదని వదిలేశాను.

"గివన్ని సుత కంప్యూటర్ల కొట్టినవు గద బిడ్డా?" అంది అమ్మ.

"కొట్టిన్నమ్మా. అన్నీ పోయినయి" అన్నాను.

జాకెట్లు పండుగకు అందాయి. అమ్మ ఈనాటికీ ఎవరైనా కంప్యూటర్ మాటెత్తితే, "ఆపరేషనైన మనిషి సంగతి సుత మింగింది, పాడు మిషను" అని తిడుతుంది. నేను పక్కనే కూర్చుని, అవునవునని తల ఊపుతుంటాను.