రెండేళ్ళకు రెండు నెలలు తక్కువ

చికాగో చూద్దామని నేను బయలుదేరలేదు. ఎనభై రెండు సెప్టెంబరులో ఒక శుక్రవారం తెల్లవారుజామున ఐదుంబావుకు, మా పైగదిలో అద్దెకున్న డెనీస్ వచ్చి వంటింటి తలుపు తట్టింది కాబట్టి బయలుదేరాను. అప్పట్లో మేము ఇల్లినాయ్ రాష్ట్రంలో షాంపేన్‌లో ఉండేవాళ్ళం. మావారికి యూనివర్సిటీలో ఉద్యోగం, నాకు ఆసుపత్రి లాబ్‌లో, మా అమ్మాయి స్కూల్లో చదువుతుండేది. డెనీస్ ఆ ఏడే చదువు పూర్తి చేసింది. ఆరడుగుల రెండంగుళాల మనిషి. నాలుగేళ్ళు కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడింది. ఆడపిల్లలకు ఈ దేశంలో ప్రొఫెషనల్ లీగ్ ఒకటి పెట్టినట్టే పెట్టి మూసేశారు. ఆటనే నమ్ముకుని బతకాలంటే సముద్రం దాటాల్సిందే. మిలాన్ దగ్గర ఏదో ఊరి క్లబ్బు వాళ్ళు ఆమెకు కాంట్రాక్టుతోపాటు విమానం టికెట్టు కూడా పంపారు. విమానం ఆ సాయంత్రం ఎనిమిదింటికి. పాస్‌పోర్టు మాత్రం ఇంకా చేతికి రాలేదు.

తప్పు ఆమెది కాదు. కాంట్రాక్టు వచ్చిన వారంలోనే బస్ స్టేషన్‌లో ఎవరో ఆమె హాండ్‌బాగు కొట్టేశారు. డ్రైవింగ్ లైసెన్సు, కాలేజీ కార్డు అందులోనే పోయాయి. ఇంట్లో ఉన్న బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే మిగిలింది. ఫొటో ఉన్న కాగితం ఏదీ లేకపోతే, తనను ఎరిగిన మనిషిని పాస్‌పోర్టు ఆఫీసుకు వెంటబెట్టుకెళ్ళి ప్రమాణం చేయించాలట. కోచ్ వస్తానన్నాడు. సరిగ్గా ఆ తెల్లవారుజామునే ఆయన భార్యకు నొప్పులు మొదలయ్యాయి.

"మిసెస్ రావ్, ఇక మీరు తప్ప ఎవరూ లేరు," అంది డెనీస్.

లాబ్‌కు ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదన్నాను. రాత్రి మిగిలిన బంగాళాదుంప కూర చపాతీల్లో చుట్టి రేకు కాగితంలో పెట్టాను. మావారు స్టేషన్‌లో దింపుతూ, "సంతకం పెట్టేముందు ఒకటికి రెండుసార్లు చదువు. వచ్చే నెల్లో మన సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ, గుర్తుందిగా," అన్నారు. మా ఆయన ఎప్పుడూ ఇంతే, పెళ్ళికి వెళ్తున్నా జాగ్రత్తలు చెబుతారు.

ఆరూ ఇరవైకి రావలసిన రైలు ఏడూ ఐదుకు వచ్చింది. ముందు ఎక్కడో గూడ్సు బండి ఆగిపోయిందట. డెనీస్ కాళ్ళు ముందు సీటు కిందకి పట్టక నడవలోకి చాపి కూచుంది. ఎదురు వరసలో ఉన్న ముసలాయన ఆ కాళ్ళకేసి చూసి మాట కలిపాడు. ఎక్కడికని అడిగి, ఇటలీ అనగానే, "వాళ్ళకు బాస్కెట్‌బాల్ ఏం తెలుసమ్మా?" అన్నాడు.

"తెలీదు కనకే నన్ను పిలిచారు," అంది డెనీస్. నవ్వి, విమానం టికెట్టు తీసి మళ్ళీ టైమ్ చూసుకుంది.

ముసలాయన కునుకు తీశాక అసలు సంగతి చెప్పింది. అక్కడ ఒక్కో జట్టులో ఒక్క విదేశీ అమ్మాయినే తీసుకుంటారు. సోమవారం ప్రాక్టీసుకు తను లేకపోతే లిస్టులో రెండో పేరుకు ఫోన్ వెళ్తుంది.

"రెండో పేరు ఎవరిది?"

"షెరిల్ అని, మా జట్టే. మీ ఇంటికి రాకముందు రెండేళ్ళు నా రూమ్మేట్. ఇప్పుడు చికాగోలో స్టేట్ స్ట్రీట్ మీద చెప్పుల షాపులో పనిచేస్తోంది. తన పాస్‌పోర్టు రెడీగా ఉంది."

కాంకకీ అనే ఊరు దాటుతుండగా కోచ్ పంపిన ఫారం తీసి చదివాను. సాక్షి, దరఖాస్తుదారును కనీసం రెండేళ్ళుగా ఎరిగి ఉండాలి. తింటున్న చపాతీ మళ్ళీ రేకు కాగితంలో పెట్టేశాను. డెనీస్ మా ఇంట్లో దిగింది ఎనభై నవంబరులో. అంటే ఏడాది పది నెలలు. ఆ మాటే అన్నాను.

"దాదాపు రెండేళ్ళే కదా, మిసెస్ రావ్. ఎవరు లెక్కపెడతారు?" అంది. నేను లెక్కపెడుతూనే కూచున్నాను.

తొమ్మిదీ యాభైకి చికాగో. స్టేషన్ నుంచి పాస్‌పోర్టు ఆఫీసుకు పావుగంట నడక. ఆ పని మీద వెళ్ళేవాళ్ళకు ఒక మాట చెబుతున్నాను: తినడానికి ఏదైనా వెంట తీసుకెళ్ళండి, మధ్యలో లేచి వెళ్తే నంబరు పోతుంది. ఫొటోలు దారిలోనే ఒక స్టూడియోలో తీయించాం. డెనీస్ తల ఫ్రేములో పట్టక ఫొటోగ్రాఫరు తనే స్టూలెక్కాడు. ఆఫీసులో మాకిచ్చిన నంబరు తొంభై ఒకటి. అప్పుడు నడుస్తున్నది ముప్పై రెండు. గోడ గడియారం కిందే చోటు దొరికింది, అదొక శిక్ష. డెనీస్ మిగతా చపాతీలన్నీ తినేసి రేకు కాగితాన్ని ఉండచుట్టి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి విసురుకుంటూ కూచుంది.

రెండూ ముప్పై ఐదుకు పిలిచారు. కౌంటర్లో నడివయసు ఆవిడ, కళ్ళజోడు గొలుసుతో మెళ్ళో వేలాడుతోంది. టికెట్టు చూసింది, బర్త్ సర్టిఫికెట్ చూసింది, నా గ్రీన్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి ఫరవాలేదంది. కుడిచెయ్యి ఎత్తమంది.

"ఈమె మీకు ఎంతకాలంగా తెలుసు?"

నా గ్రీన్ కార్డు మీద పుట్టిన తేదీ జులై ఒకటి. అది హెడ్మాస్టరు గారు నన్ను బళ్ళో చేర్చుకుంటూ తనకు తోచినట్టు వేసిన తేదీ. అసలు నేను పుట్టింది కార్తీకమాసంలో. మా ఇంట్లో ఉండగా వచ్చిన రెండు జులైల్లోనూ డెనీస్ ఒకటో తేదీన నాకు కేకు చేసిపెట్టింది, నేను నోరు మూసుకుని తిన్నాను. దొంగ పుట్టినరోజుతో ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చినదాన్ని, ఆ చెయ్యెత్తి రెండు నెలలు కలపలేకపోయాను. నీతి అని చెప్పుకోను, భయం. వచ్చే నెల ఇంటర్వ్యూలో ఎప్పుడైనా అబద్ధపు ప్రమాణం చేశావా అని అడుగుతారని విన్నాను.

"ఏడాది పది నెలలు," అన్నాను.

ఆవిడ కలం కింద పెట్టేసింది. "అయితే మీ సాక్ష్యం చెల్లదండీ. నాలుగింటికి కౌంటరు మూసేస్తాం. ఈలోగా ఇంకెవరినైనా తీసుకురండి."

 డెనీస్ వెళ్ళి గోడకు ఆనుకుని నేల మీద కూలబడింది. నేను ఎదురుగా నిలబడి షెరిల్ పేరెత్తాను.

"ఆమెను అడగను. ఏ మొహం పెట్టుకుని అడగాలి?"

"నువ్వడగక్కర్లేదు. షాపు పేరు చెప్పు."

చెడగొట్టింది నేను కాబట్టి ఫోన్ చేయాల్సింది నేనే. వరండాలో పబ్లిక్ ఫోన్ ఉంది. డైరెక్టరీలో నంబరు వెతకడానికే ఐదు నిమిషాలు పట్టింది. షెరిల్ లైన్లోకి వచ్చింది. నేనెవరో, ఏం జరిగిందో చెప్పాను. అవతల ఎవరికో చెప్పుల సైజు చెబుతున్న గొంతులు వినిపించాయి.

"ఏ అంతస్తు?" అని మాత్రం అడిగి పెట్టేసింది.

వస్తానని చెప్పలేదు. మూడూ పది అయింది. మూడూ ఇరవై ఐదయింది. లిఫ్టు తలుపు తెరుచుకున్న ప్రతిసారీ నేను లేచి నిలబడ్డాను. డెనీస్ తలెత్తను కూడా లేదు. మూడూ నలభైకి షెరిల్ వచ్చింది, కోటు మీద షాపు పేరుపట్టీ అలాగే ఉంది. డెనీస్ కంటే రెండంగుళాలు పొట్టి. డెనీస్‌ను దాటుకుని నేరుగా నడిచింది. కౌంటరు దగ్గర ఫారం మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"నేను ప్రమాణం చేయకపోతే ఏమవుతుంది?" అని అడిగింది.

"ఇవాళ ఈ అమ్మాయి వెళ్ళదు," అంది కౌంటర్లో ఆవిడ.

షెరిల్ ఇంకా కాగితంకేసే చూస్తోంది. డెనీస్ ఆ రేకు ఉండను పిడికిట్లో నలిపేస్తోంది. నాకు అక్కణ్ణించి పారిపోవాలనిపించింది. చివరికి షెరిల్ కుడిచెయ్యి ఎత్తింది.

"నాలుగేళ్ళుగా తెలుసు. రెండేళ్ళు ఒకే గది. గురక పెడుతుంది."

సంతకం చేసి, తన భోజనం టైమ్ అయిపోయిందంటూ వెంటనే బయలుదేరింది. పాస్‌పోర్టు ఐదింటికి ఇస్తామన్నారు. డెనీస్‌ను అక్కడే ఉంచి, కిందిదాకా నేను షెరిల్‌తో వెళ్ళాను. థాంక్స్ చెప్పబోతే లిఫ్టులో నాకేసి చూడకుండానే అడిగింది.

"రెండేళ్ళని చెబితే సరిపోయేది కదండీ?"

"నిజం కాదు కదమ్మా."

"నిజమే. కానీ మీరు ఆ మాట అని ఉంటే నాకు ఫోన్ వచ్చేది కాదు. షాపు మూసి ఇంటికెళ్ళి, ఇటలీ నుంచి పిలుపొస్తుందేమోనని ఈ రెండు రోజులూ చూస్తూ ఉండేదాన్ని. రాకపోతే అది నా చేతిలో లేని పని అనుకునేదాన్ని."

లిఫ్టు ఆగింది. ఆమె జనంలో కలిసి చరచరా నడిచి వెళ్ళిపోయింది. నేను అక్కడే గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆ అమ్మాయి అవకాశాన్ని ఆమె చేత్తోనే పోగొట్టించానని సిగ్గేసింది.

ఐదూ ఐదుకు పాస్‌పోర్టు చేతికొచ్చింది. ఎయిర్‌పోర్టు బస్సు ఐదున్నరకు, ఒక హోటలు ముందు నుంచి. డెనీస్ నన్ను కావలించుకుంటే నా మొహం ఆమె కోటు బొత్తాల దగ్గరకు వచ్చింది.

"వచ్చే జులై ఒకటికి మీకు కేకు ఎవరు చేస్తారు?" అంది.

అసలు సంగతి అప్పుడైనా చెప్పాల్సింది. "మా అమ్మాయి నేర్చుకుంటుందిలే," అన్నాను.

ఆరుంబావుకు నా రైలు. ఊరు దాటాక కిటికీలో మొక్కజొన్న చేలు తప్ప ఏమీ లేవు. గ్రీన్ కార్డు తీసి చూసుకున్నాను. జులై ఒకటి. నేను ప్రమాణం మీద ఒక్క అబద్ధమూ ఆడకుండా, ఒక్క సంతకమూ పెట్టకుండా తిరిగి వెళ్తున్నాను. చికాగోలో ఆ అమ్మాయి ఈ వేళకు ఎవరి పాదాల దగ్గరో మోకాళ్ళ మీద కూచుని సైజు కొలుస్తూ ఉంటుంది.

ఎనిమిదిన్నరకు షాంపేన్‌లో దిగితే మావారు ప్లాట్‌ఫాం మీదే నిలబడి ఉన్నారు. "పని అయిందా?" అన్నారు ముందు. అయిందన్నాను. తర్వాత గొంతు తగ్గించి, "సంతకం పెట్టావా?" అన్నారు.

"లేదండీ. ఏడాది పది నెలలే అని చెప్పేశాను. షెరిల్ పెట్టింది."

"మంచి పని చేశావు," అన్నారాయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. కారు తలుపు తీస్తూ మళ్ళీ అడిగారు, "షెరిల్ ఎవరు?"

నాకు ఏడుపొచ్చింది.