వైకుంఠం డాక్టరు చూపించే మచ్చ

ఏ రోగి ఏ జబ్బు చెప్పుకున్నా "నాగ్గూడ గిదే అయింది" అనడం డాక్టర్ వైకుంఠం గారి అలవాటు. జలుబూ జ్వరమూ చూసే డాక్టరు అంటే సరేలే అనుకోవచ్చు. ఈయన డెబ్బైల తొలిరోజుల్లో, పాతబస్తీలోని ఒక సర్కారు దవాఖానాలో మూత్రసంబంధమైన జబ్బులకు ఆపరేషన్లు చేసే సర్జన్.

కిడ్నీలో రాయి అంటే ఆయనకూ రాయే. మూత్రం సన్నగా వస్తోందంటే ఆయనకూ సన్నగానే వచ్చేది. వరిబీజం అంటే, తనది చూసి ఉంటే భయపడేవాడివని రోగిని ఓదార్చేవారు. ఆయన చెప్పిందంతా నిజమే అయితే ఆ ఒంట్లో కొత్తగా కోయడానికి చోటు మిగలకూడదు. మనిషి మాత్రం నలభై దాటినా నిగనిగలాడుతూ, రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కి వార్డుకు వచ్చేవారు.

నమ్మనివాళ్ల కోసం సాక్ష్యం కూడా ఉండేది. తెల్లకోటు పక్కకు జరిపి, చొక్కా పైకెత్తి, పొట్టకింద కుడిపక్కనున్న మచ్చ చూపించేవారు. అది కాలేజీ రోజుల్లో అపెండిక్స్ తీసిన మచ్చ. పాపం, ఆ ఒక్క మచ్చే అన్ని జబ్బులకూ జవాబు చెప్పుకునేది.

ఇది చూస్తే హెడ్ నర్సు లీలమ్మకు ఒళ్లు మండేది. ఆమె అబద్ధమాడి ఎరుగదు. సూది నొప్పి పెడుతుందా అని అడిగితే, పెడుతుందనే చెప్పేది. ఆదివారం చర్చిలో డాక్టరు గారి తరఫున కూడా క్షమాపణ అడుక్కునేది. ఎప్పుడో ఒకప్పుడు రోగులు కూడబలుక్కుంటే పరువు పోతుందని హెచ్చరిస్తే, అన్ని జబ్బులు పడ్డవాడని జాలిపడతారులెమ్మని ఆయన నవ్వేసేవారు.

సైదాబాద్‌లో కుర్రాళ్లకు కుస్తీ నేర్పే మల్లన్న పహిల్వాన్ వచ్చినప్పుడు ఆ పరువు కాస్తా బజారున పడింది.

మల్లన్నకు అరవై దాటాయి. మూత్రం ఆగిపోయి, కడుపు ఉబ్బి మెలికలు తిరుగుతుంటే భార్య ఆగమ్మ రిక్షాలో వేసుకొచ్చింది. గొట్టం వేసి బాధ తీర్చారు. బాధ తీరగానే గొట్టం పీకేయండి, ఇంటికి పోతానన్నాడు. ప్రోస్టేట్ గ్రంథి ఏమాత్రం పెరిగిందో తేల్చాలంటే పక్కకు తిరిగి పడుకోవాలి, డాక్టరు వెనకనుంచి వేలుపెట్టి చూడాలి. ఆ మాట వినగానే పహిల్వాన్ లుంగీ ముడి రెండు చేతులా పట్టుకున్నాడు. ఇక ఎవరెంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఇంటికి పోతే మళ్లీ మూత్రం ఆగుతుందనీ, ఈసారి కిడ్నీలు చెడిపోయి మనిషి దక్కడనీ లీలమ్మకు తెలుసు. ఆగమ్మకూ చెప్పింది. ఆగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వరండాలో కూలబడింది.

వైకుంఠం గారు వచ్చి మంచం అంచున కూర్చున్నారు. తనకూ ఇదే అయిందనీ, ఆపరేషన్ చేయించుకున్నాననీ చెప్పి, అలవాటు ప్రకారం చొక్కా ఎత్తారు.

ఆ వార్డులో ఒక రివాజు ఉండేది. ఆపరేషన్ అయినవాళ్లు సాయంత్రాలు చేరి, ఎవరి కుట్లు ఎంత పొడుగో పోల్చి చూసుకునేవారు. పక్కమంచం మొగులయ్యకు ఇదే ఆపరేషన్ అయింది. మల్లన్న అతడి పొట్టకేసి చూశాడు, డాక్టరు పొట్టకేసి చూశాడు.

"సారూ, మొగులయ్యకు నడిమిట్ల నిలువుగ కోసిండ్రు. నీకేంది, పక్కకున్నది?"

మల్లన్న లీలమ్మ వైపు తిరిగాడు. "సిస్టరమ్మా, నువ్వు అబద్ధమాడవంటరు. నువ్వు చెప్పు. ఈ సారుకు గిదే ఆపరేషనయిందా?"

బయట ఆగమ్మ కూర్చుని ఉంది. లీలమ్మ అయిందని చెబుదామనుకుంది గానీ నోరు తిరగలేదు.

"కాలేదు. అది అపెండిక్స్ మచ్చ," అంది. అన్నాక, ఈ నిజంతో ఒక మనిషిని నిలువునా ముంచానే అని కళ్లు మూసుకుంది.

మల్లన్న గట్టిగా నవ్వాడు.

"నాకెరుకే. పొద్దుగాల రాయి ఉన్నోనికి గూడ గదే మచ్చ చూపిచ్చిండు. నా సిగ్గు పోవాలెనని ఇంత పెద్ద సారు అందరి ముందల అంగి లేపిండు. నేనేం తక్కువ తిన్ననా?"

లుంగీ ముడి వదిలేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పరీక్షలో గ్రంథి బాగా పెరిగిందని తేలింది. ఆపరేషన్ సాఫీగా జరిగింది. గొట్టం తీశాక మల్లన్న మూత్రం పోసి వచ్చి, కుస్తీ గెలిచినట్టు తొడ చరిచాడు. లీలమ్మకు డాక్టరు గారి మీద ఇన్నేళ్ల కోపం చల్లారింది. ఒక్కో రోగి పక్కనా ఆయన తన పరువు తీసి పెడుతున్నది ఎందుకో ఆమెకు అప్పటికి అర్థమైంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు చాంద్రాయణగుట్ట నుంచి దుర్గయ్య అనే కిరాణా సేటు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏమిటని లీలమ్మ అడిగితే కాళ్లనొప్పులన్నాడు. కాళ్లనొప్పులకు ఈ వార్డుకెందుకొచ్చావంటే నేలచూపులు చూశాడు. డాక్టరు గారు థియేటర్లో ఉన్నారు. సేటు చల్లగా మెట్లు దిగబోయాడు.

"ఆగు సేటూ," అంది లీలమ్మ. "మా ఇంటాయనకు గూడ గిదే అయింది. ఆపరేషన్ అయినంక మంచిగున్నడు."

దుర్గయ్య వెనక్కి వచ్చి బల్లమీద కూర్చున్నాడు. గొంతు తగ్గించి ఉన్నదంతా చెప్పుకున్నాడు. చివర్లో, మీ ఆయనను అడిగినట్టు చెప్పమన్నాడు. పెళ్లే చేసుకోని లీలమ్మ తప్పకుండా చెబుతానంది.